రాజనీతి శాఖలు – మన సరిహద్దు జిల్లా
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణం ముగిసిన వెంటనే రాజనీతి గురించి మాట్లాడవలసినదిగా కార్యదర్శిగారు మమ్ము కోరినారు. పంచాంగంలో కూడా ఏటేటా రాజు, మంత్రి, సేనాధిపతి మారుతూనే ఉంటారు గనుక సందర్భం బాగానే కుదిరినది. ఆ రాజునకు మన వోటు అక్కరలేదు, అంతే భేదం.

మేము మెట్రిక్యులేషనుతో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగా చేరినవారము. ఆచార్యుల శాస్త్రాన్ని తూచడానికి మా దగ్గర తక్కెడ లేదు. కాని గూడ్సు షెడ్డులో పనిచేసినవానికి ఒక సంగతి తెలుస్తుంది. సరుకు ఎక్కడ ఎక్కినది, ఎక్కడ దిగినది, తూకమెంత, ఎవరు ఒప్పగించినారు, ఎవరు అందుకొన్నారు అనేవన్నీ రసీదుపై ఉంటేనే ఆ సరుకునకు దిక్కు. రసీదు లేనినాడు ఎంత పెద్దమనిషి వచ్చి చెప్పినా చెల్లదు. రాజనీతి శాఖ పని కూడా చాలవరకు ఇట్టిదేనని మా అభిప్రాయం. ప్రజలు తమ అధికారాన్ని ఎవరికి ఒప్పగించినారు, ఆయన దానిని ఏమి చేసినారు అని వ్రాసిపెట్టే లెక్క అది. రాజకీయ నాయకులను తయారుచేసే కార్ఖానా అని మనలో చాలమంది అనుకొంటారు. నాయకులు తయారుకావడానికి ఎం.ఏ. అక్కరలేదని మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

మన ఇండ్లలో ఈ శాస్త్రానికి రెండు పేర్లున్నవి. గుంతకల్లులో చదివిన మేనల్లుడు రాజనీతి శాస్త్రం అంటాడు. బళ్ళారిలో చదివిన కొడుకు కన్నడంలో రాజ్యశాస్త్ర అంటాడు. ఒక పండుగనాడు విస్తళ్ళ ముందు ఈ ఇద్దరికీ వాదం వచ్చినది. మీ దానిలో నీతి ఏదిరా అని ఒకడు, మీ నీతికి రాజ్యమేదిరా అని ఇంకొకడు. తాతగారు కూడా తీర్పు చెప్పలేక మజ్జిగ పోయమన్నారు.

పేరు ఏదైనా, ఈ శాఖవారు తెలుగువారికి చేసిన పని చిన్నది కాదు. ముందుగా చెప్పవలసిన పేరు మామిడిపూడి వెంకటరంగయ్యగారిది. 1889లో నెల్లూరు జిల్లాలో పుట్టినారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడిన కొద్దికాలానికే అక్కడ చరిత్ర, రాజనీతి బోధించినారు. తరువాత బొంబాయి విశ్వవిద్యాలయంలోనూ ఆచార్యులుగా ఉన్నారు. విశ్రాంతి తీసుకోవలసిన వయస్సులో ఆంధ్రప్రదేశ్ స్వాతంత్ర్య పోరాట చరిత్రను నాలుగు సంపుటాలుగా కూర్చినారు. మొదటి సంపుటం 1965లో వెలువడినది. 1968లో పద్మభూషణ్ వచ్చినది. ఆ సంపుటాలకు ఆయువుపట్టు కచ్చేరీల అటకలమీదనుండి దింపిన కాగితాలు. ఆనాటి ప్రభుత్వం మనవారిని జైలులో పెట్టడానికి వ్రాసుకొన్న కాగితాలే మనవారి త్యాగానికి సాక్ష్యమైనవి. ఈ చమత్కారం గమనించదగినది.

1918లో ఏర్పడిన ఉస్మానియాలో ఉర్దూలో బోధన సాగినది. హారూన్ ఖాన్ షేర్వానీగారు అక్కడ చరిత్ర, రాజనీతి శాఖను నిలబెట్టినారు. ఆ తరువాతి తరంలో రషీదుద్దీన్ ఖాన్‌గారు అక్కడినుండి ఢిల్లీ వెళ్ళి జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో రాజనీతి కేంద్రం మొదలుపెట్టినవారిలో ముఖ్యులైనారు, రాజ్యసభలోనూ కూర్చున్నారు. 1968లో తెలుగు అకాడమీ ఏర్పడి ఈ శాస్త్రానికి తెలుగులో పాఠ్యపుస్తకాలు వేసినది. శాసనసభ, మంత్రిమండలి, సార్వభౌమత్వం అనే మాటలు పల్లెటూరి కళాశాల పిల్లల నోట నలిగినవంటే ఆ పుస్తకాల చలవే.

మావంటివారికి అన్నిటికన్న దగ్గరి పేరు జి. రాంరెడ్డిగారిది. ఉస్మానియాలో ప్రభుత్వపాలన శాస్త్రం బోధించినారు. పంచాయతీరాజ్యం ఎట్లా నడుస్తున్నదో ఊళ్ళలోకి వెళ్ళి చూచి వ్రాసినారు. 1977నుండి 1982వరకు ఉస్మానియా ఉపకులపతి. 1982లో హైదరాబాదులో సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడితే దానికి మొదటి ఉపకులపతి ఆయనే. దేశంలో అటువంటిది అదే మొదటిది. 1991లో దానికి డాక్టర్ అంబేద్కర్ పేరు పెట్టినారు. 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ప్రారంభమైనప్పుడు దానికీ ఆయనే మొదటి ఉపకులపతి. తరువాత యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషనుకు అధ్యక్షులైనారు. 1995లో కాలధర్మం చెందినారు.

హైదరాబాదులో ఆయన తెరిచిన తలుపు ఎట్టిదో కొంచెం నిలిచి చూడవలెను. పదవ తరగతి పత్రం గాని, ఇంటరు పత్రం గాని లేకున్నా పదునెనిమిదేండ్లు నిండినవాడు అర్హత పరీక్ష వ్రాసి డిగ్రీలో చేరవచ్చునన్నారు. పాఠాలు ఇంటికి పంపినారు, సెలవుదినాల్లో తరగతులు పెట్టినారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన పాయింట్స్‌మన్, పొలంనుండి వచ్చిన రైతు, బిడ్డను చంకనెత్తుకొన్న తల్లి ఒకే బల్లమీద కూర్చొని పరీక్ష వ్రాసినారు. ప్రజాస్వామ్యం గురించి పుస్తకాలు వ్రాసినవారు చాలమంది ఉన్నారు. విశ్వవిద్యాలయానికి ప్రజాస్వామ్యం నేర్పినవారు కొద్దిమంది. మన రాష్ట్రంలో మైసూరులో 1996లో ఇట్టి విశ్వవిద్యాలయం వచ్చినది. మా కచ్చేరీలో ఇద్దరు గుమాస్తాలు ఇప్పుడు ఇట్లాగే బి.ఏ. చదువుతున్నారు. వారిలో ఒకరి కుమార్తె కూడా అదే సంవత్సరం బి.ఏ.లో ఉన్నది. తండ్రి మార్కులు కుమార్తె అడుగుతున్నదట.

ఇక ఇటీవలి దశాబ్దాల సంగతి. 1974లో ఏర్పడిన హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో కె.సి. సూరిగారివంటి ఆచార్యులు ఎన్నికలను అధ్యయనం చేసినారు. అంతకుముందు వారు నాగార్జున విశ్వవిద్యాలయంలో పనిచేసినవారు. ఢిల్లీలో రజనీ కొఠారీగారు 1963లో నెలకొల్పిన అధ్యయన కేంద్రంవారు 1996నుండి ప్రతి లోక్‌సభ ఎన్నికకూ దేశమంతటా వోటర్లను ప్రశ్నించి వ్రాస్తున్నారు. దానికి ఆంధ్రలో సూరిగారు, కర్ణాటకలో సందీప్ శాస్త్రిగారు బాధ్యత వహించి పనిచేసినారు.

ఆ పని చేసే తీరు వినదగినది. ఎవరిని ప్రశ్నించవలెనో వెళ్ళినవాడు తనంత తాను ఎంచుకోరాదు. వోటరు జాబితానుండి ఒక లెక్క ప్రకారం పేర్లు తీస్తారు. ఆ పేరుగలవాని ఇంటికే వెళ్ళవలెను. ఇంటి యజమాని అరుగుమీద కూర్చొని మా ఇంటి సంగతంతా నన్నడగండి అన్నా వినరాదు. జాబితాలో ముసలమ్మ పేరుంటే ముసలమ్మనే అడగవలెను. వోటు ఎవరికి వేసినారో నోటితో చెప్పనక్కరలేదు. నమూనా బాలెట్టు కాగితంమీద ముద్ర వేసి చిన్న పెట్టెలో వేస్తే చాలును. చాలచోట్ల ఈ పనికి తిరిగేది రాజనీతి ఎం.ఏ. చదివే పిల్లలే. నాలుగు గోడలమధ్య రెండేండ్లు చదివినదానికన్న ఆ పది దినాలు ఎక్కువ నేర్పుతవని మా నమ్మకం. పత్రికలలో ఈ కులంవారు ఇటు, ఆ కులంవారు అటు అని ఎన్నికల మరునాడు వ్రాసేవారు ఎప్పుడూ ఉన్నారు. ముసలమ్మను అడిగి వచ్చి వ్రాయడం వేరు.

అయితే ఇక్కడ సరిహద్దువారికి ఒక ప్రశ్న పుడుతుంది. ప్రశ్నల కాగితం రాష్ట్రభాషలో ఉంటుంది. కర్ణాటకలో కన్నడం, ఆంధ్రలో తెలుగు. మన కౌల్‌బజారులోనో, సిరుగుప్ప కాలువకింది పల్లెలోనో జాబితాలో తేలిన పేరు ఇంట తెలుగు తప్ప మాట్లాడని అవ్వది అయితే, ఆమె సమాధానం కన్నడంలోకి మారేటప్పుడు ఏమవుతుంది? రాయదుర్గం పల్లెలో కన్నడం మాట్లాడే తాతకూ ఇదే చిక్కు. ఆచార్యులు ఆలోచించదగిన ప్రశ్న ఇది. దీనికి సమాధానం ఢిల్లీలో దొరకదు, రెండు భాషలూ వచ్చిన మన పిల్లలవద్దనే దొరకవలెను.

రాజనీతి ఆచార్యులు ప్రాణాలకు పూచీపడిన సందర్భాలు కూడా రెండున్నవి. 2011 ఫిబ్రవరిలో ఒరిస్సాలోని మల్కన్‌గిరి జిల్లా కలెక్టరు వినీల్ కృష్ణగారిని, ఆయన మన తెలుగువారే, మావోయిస్టులు అడవిలోకి పట్టుకొనిపోయినారు. మరుసటి సంవత్సరం ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్‌గారిని పట్టుకొనిపోయినారు, ఆయన అంగరక్షకులు ఇద్దరు ప్రాణాలు కోల్పోయినారు. రెండు సందర్భాలలోనూ మధ్యవర్తులుగా కూర్చున్నవారిలో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి బోధించిన జి. హరగోపాల్‌గారున్నారు. కలెక్టర్లిద్దరూ క్షేమంగా ఇంటికి చేరినారు. హరగోపాల్‌గారి అభిప్రాయాలతో మన సభలోనే ఏకీభవించనివారు చాలమంది ఉండవచ్చును. కాని ప్రభుత్వమూ, ప్రభుత్వాన్ని తుపాకితో ఎదిరించేవారూ ఇద్దరూ ఒక మాస్టరుగారి మాటమీద నిలిచినారంటే ఆ మాటకు ఎన్ని ఏండ్ల నిలకడ ఉండవలెను!

ఉస్మానియా రాజనీతి ఆచార్యులు కోదండరాంగారు 2009 డిసెంబరులో తెలంగాణ ఐక్య కార్యాచరణ సమితికి అధ్యక్షులైనారు. 2014 జూన్ 2న రాష్ట్రం ఏర్పడినది. 2018లో ఆయన సొంతంగా పార్టీ కూడా పెట్టినారు. పాఠం చెప్పేవారు వీధిలోకి రావచ్చునా అని చాల చర్చ జరిగినది. మా మట్టుకు, వీధిలోకి వచ్చినందుకు తప్పుపట్టము. వచ్చినవారు తరగతికి తిరిగివెళ్ళి, వీధిలో చూచినది చూచినట్లు పిల్లలకు చెప్పగలిగితేనే శాఖకు లాభం. ఉద్యమం గెలిచిన తరువాత నిజం చెప్పడం ఉద్యమంలో నినాదం చెప్పడంకన్న కష్టం.

రాష్ట్రాలు ఏర్పడడమన్న మాట వచ్చినది గనుక ఇక మన ఊరికి వస్తాము.

భాషారాష్ట్రాల గురించి ఏ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పినా బళ్ళారి పేరు చెప్పక తీరదు. పొట్టి శ్రీరాములుగారు 1952 డిసెంబరు 15న ప్రాణత్యాగం చేసినారు. వాంఛూగారు వచ్చి విచారించి వెళ్ళినారు. 1953 మార్చి 25న నెహ్రూగారు పార్లమెంటులో ప్రకటించినారు. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు. హోసపేట, సిరుగుప్ప, హడగలి, హరపనహళ్ళి, కూడ్లిగి, సండూరు మైసూరుకు. మిగిలినది బళ్ళారి తాలూకా ఒక్కటి. కన్నడం, తెలుగు, ఉర్దూ మూడూ కలిసి కాపురముండే తాలూకాను ఏ గంపలో వేయవలెనో ఎవరికీ తోచలేదు. హైదరాబాదు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి మిశ్రాగారిని ఈ ఒక్క తాలూకా కొరకే నియమించినారు. ఆయన విచారించి మైసూరుకు చేర్చమన్నారు. అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం పుట్టిననాడే మన జిల్లా రెండైనది.

అంతటితో తీరలేదు. ఫజల్ అలీ, కుంజ్రూ, పణిక్కర్‌గార్ల కమిషను 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చినది. తుంగభద్ర ప్రాజెక్టు పాలన దృష్టితో బళ్ళారి, హోసపేట, సిరుగుప్ప తాలూకాలను, మల్లాపురం ఉపతాలూకాలో కొంత భాగాన్ని ఆంధ్రకు ఇవ్వమన్నది. కన్నడిగులు ఆందోళన చేసినారు. పార్లమెంటు ఆ సిఫారసును అంగీకరించలేదు. 1956 నవంబరు 1 నాటికి బళ్ళారి మైసూరులోనే నిలిచినది. ఇల్లు కదలకుండా, తలుపు కూడా మారకుండా, మూడేండ్లలో మన తాతలు మదరాసు ప్రజలై, మైసూరు ప్రజలై, ఆంధ్ర ప్రజలు కాబోయి ఆగినారు.

ఈ వివాదాన్ని ఇక్కడ తిరగదోడడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. మనం కర్ణాటక బిడ్డలం, ఈ నీరు త్రాగుతున్నాము, మన పిల్లలు ఇక్కడి బడిలో మొదటి మార్కులు తెచ్చుకొంటున్నారు. రాజ్యాంగంలో 371–జె అనుచ్ఛేదం చేర్చడానికి 2012లో పార్లమెంటు సవరణ ఆమోదించినది. మదరాసు రాష్ట్రంనుండి వచ్చిన మన జిల్లాను కూడా హైదరాబాదు–కర్ణాటక ప్రాంతంలో చేర్చినారు. 2013 ఉత్తరువు ప్రకారం ఈ ప్రాంతపు విద్యాలయాలలో నూటికి 70 సీట్లు స్థానికులకు. స్థానికుడెవరంటే పుట్టుకనూ, నివాసాన్నీ చూస్తారు గాని ఇంట్లో ఏ భాష మాట్లాడుతావని అడగరు. ఇది మనకు దక్కిన పెద్ద మేలు. సరిహద్దు కష్టం ఎరిగినవానికే ఈ మేలు విలువ తెలుస్తుంది.

మా విచారం మరొకటి. న్యాయమూర్తుల నివేదికలలో జనాభా లెక్కలున్నవి, వకీళ్ళ వాదనలున్నవి. రాయదుర్గంలో అక్కను, బళ్ళారిలో చెల్లెలిని ఇచ్చిన ఇంటి మాటకు అందులో చోటుండదు. ఆలూరు సంతకు ఎద్దులు తోలుకొని వెళ్ళే రైతు మరునాటినుండి ఏ కచ్చేరీకి అర్జీ పెట్టుకొన్నాడు? బళ్ళారిలో చదువుతున్న ఆదోని పిల్లవానికి స్కాలర్‌షిప్పు ఏ ఖజానానుండి వచ్చినది? కొలువులో ఉన్న గుమాస్తా ఏ రాష్ట్రం కోరుకొన్నాడు, ఎందుకు? ఇవి చెప్పగలవారు మన మధ్య ఇంకా కొందరున్నారు. 1953లో పదేండ్ల పిల్లవాడు నేడు ఎనభై దాటిన వృద్ధుడు. ప్రతి ఉగాదికీ ముందువరుసలోని కుర్చీలు కొన్ని ఖాళీ అవుతున్నవి. మేము వేరే చెప్పనక్కరలేదు.

ఈ పని చేయదగినవారు మనకు ఇరువైపులా ఉన్నారు. 1968లో తిరుపతి విశ్వవిద్యాలయపు కేంద్రంగా అనంతపురంలో ప్రారంభమై 1981లో విశ్వవిద్యాలయమైనది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. 2010లో బళ్ళారిలో ఏర్పడినది విజయనగర శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం. సరిహద్దుకు చెరొకవైపున ఒకే రాయలవారి పేరు! ఆయన ఆస్థానంలో తెలుగు, కన్నడ కవులిద్దరూ ఉన్నారు. రాజనీతి రెండుచోట్లా బోధిస్తారు. అటువారు తెలుగులో, ఇటువారు కన్నడంలో. ఈ రెండు శాఖలూ కలిసి ఒక్క బళ్ళారి విభజనమీద రెండు భాషలలో పనిచేస్తే, అంతటి అధ్యయనం వేరెవరూ చేయలేరని మా నమ్మకం.

వస్తువునకు కొరత లేదు. 1953నుండి రెండు రాష్ట్రాలకూ ఉమ్మడిగా తుంగభద్ర బోర్డు నడుస్తున్నది. 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి పందొమ్మిదవ గేటు కొట్టుకొనిపోయినప్పుడు నీరు ఏ రాష్ట్రానిదని అడగలేదు. హైదరాబాదునుండి కన్నయ్యనాయుడుగారు వచ్చి, నిండు ప్రవాహంలోనే ఇనుప పలకలు దింపించి వారంలో నీటిని నిలిపినారు. 1999లో సోనియాగాంధీగారు, సుష్మాస్వరాజ్‌గారు ఇక్కడ పోటీ చేసినారు. సుష్మగారు కన్నడం నేర్చుకొని వచ్చి ప్రసంగించినారు, 56,100 వోట్ల తేడాతో సోనియాగారు గెలిచినారు, తరువాత ఈ స్థానం వదులుకొన్నారు. ఇనుప గనులవద్ద రెండు రాష్ట్రాల సరిహద్దు రాళ్ళే వివాదమై సుప్రీంకోర్టు మెట్లెక్కినవి. ఇన్ని పాఠాలు మన గుమ్మంలో ఉండగా మన పిల్లలు రాజనీతి ఎం.ఏ.కు ఇంగ్లండు పార్లమెంటు చరిత్ర బట్టీపడుతున్నారు. అది వద్దనము. ఇదీ చదవమంటున్నాము.

మనలో చాలమంది పిల్లలను ఇంజనీరింగుకు తప్ప పంపరు. రాజనీతి చదివితే ఏముద్యోగం వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అద్దె కట్టేవానికి ఆ ప్రశ్న తప్పదు. సర్వీసు కమిషను పరీక్షలకు ఈ చదువు పనికివస్తుంది, వకీలు వృత్తికీ, పత్రికలకూ, ఉపాధ్యాయ పదవికీ పనికివస్తుంది. ఇంటికి ముగ్గురు పిల్లలున్నచోట ఒకరిని ఇటు పంపమని మాత్రం వేడుకొంటున్నాము. రెండు భాషలూ ఇంటిలోనే వచ్చిన పిల్లవానికి ఇక్కడ ఉన్న సౌకర్యం బెంగుళూరు పిల్లవానికి లేదు.

మన సంఘం కార్యవర్గంలో ఒక ఏర్పాటు అనుకొన్నాము. వచ్చే ఆదివారంనుండి సాయంత్రం అయిదు గంటలకు సంఘం గదిలో ఇద్దరు విద్యార్థులు కూర్చుంటారు. ఒకరు తెలుగులో, ఒకరు కన్నడంలో వ్రాయగలరు. 1953, 1956 నాటి సంగతులు జ్ఞాపకమున్న పెద్దలు వచ్చి చెప్పవలెను. రాలేనివారి ఇంటికి వారే వస్తారు. పాత కరపత్రాలు, బదిలీ ఉత్తరువులు, బడి పత్రాలు, భూమి శిస్తు రసీదులు ఉంటే తీసుకొని రండి. అక్కడికక్కడే నకలు తీసి అసలు మీ చేతికే ఇస్తారు. తెలుగులో చెప్పినా, కన్నడంలో చెప్పినా, మన పద్ధతిలో రెండూ కలిపి చెప్పినా, చెప్పినది చెప్పినట్లే వ్రాసుకోవలసినదిగా వారికి చెప్పినాము. నకళ్ళు ఒక ప్రతి అనంతపురానికి, ఒక ప్రతి ఇక్కడి విశ్వవిద్యాలయానికి అందజేయవలెనని తలపు. చెవి సరిగా వినిపించని పెద్దలకోసం ప్రశ్నలు పెద్ద అక్షరాలతో వ్రాసి ఉంచినారు. కాఫీ ఏర్పాటు సంఘంవారిది.